సాంచాలు ఆగితే వచ్చే జబ్బు

అడిగినవాళ్ళందరికీ గ్యాస్ ట్రబుల్ అని చెప్పి ఏడాదిపైగా నెట్టుకొచ్చాను. గ్యాస్ అంత మర్యాదైన జబ్బు లోకంలో ఇంకోటి లేదు. పేరు చెబితే చాలు, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు, తమ గ్యాస్ కథ మొదలుపెడతారు. ఇప్పుడు కాస్త కుదుటపడ్డాను కాబట్టి అసలు సంగతి రాస్తున్నాను. నాలాగే గ్యాస్ మాటున తలదాచుకుని తిరిగేవాళ్ళు మా చుట్టుపక్కల ఇంకా ఉన్నారని నా అనుమానం. రాత సగం వాళ్ళ కోసం. మిగతా సగం నాకోసం, రాసేటప్పుడు నా చెయ్యి వణకడం లేదని చూసుకోవడానికి.

నేను బడిపంతుల్ని. పేరు శ్రీనివాస్. కాపురం కోరుట్లలో, ఉద్యోగం పక్క పల్లెలోని సర్కారు బళ్ళో. పుట్టిపెరిగింది సిరిసిల్లలో, సాంచాల మధ్య. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. నా భార్య స్వరూప మా మేనమామ కూతురే. పెళ్ళై పద్నాలుగేళ్ళయినా నన్ను ‘బావా’ అనే పిలుస్తుంది, తిట్టేటప్పుడు కూడా.

వానలు మొదలయ్యాక

పన్నెండేళ్ళపాటు మేం ఒక గిర్ని పక్కన అద్దెకున్నాం. తెల్లారిందంటే జొన్నలు, మిరపకాయలు, పసుపు, ఏదో ఒకటి మరపడుతూనే ఉండేవాళ్ళు, కరెంటు పోయినా డీజిల్ ఇంజను మీద. ఏ గిన్నె బోర్లించినా పిండే. స్వరూప దగ్గి దగ్గి విసిగిపోయింది. చివరికి ఊరి చివర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళందరూ ‘అబ్బ, ఎంత ప్రశాంతంగున్నది’ అని మెచ్చుకున్నారు. ఆ ప్రశాంతతే నా కొంప ముంచింది.

చేరిన మూడో రోజు ఆదివారం. భోంచేసి కూర్చున్నాను. కరెంటు పోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. ఫ్రిజ్ ఒకసారి వణికి ఊరుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు. మెడ వెనక చల్లగా అయింది, అరచేతులు తడిసిపోయాయి, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. తలుపు వైపు చూస్తూ ఎప్పుడు లేచానో, ఎటు నడిచానో నాకే తెలీదు.

“బావా, గా బీరువ ఎనుక ఏం జేస్తున్నవ్?” అంది స్వరూప వంటింట్లోంచి వచ్చి.

నలభై ఏళ్ళ మగవాణ్ణి, బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కుని నిలబడి ఉన్నాను.

“బల్లి అచ్చింది,” అన్నాను.

ఆ వారంలోనే జగిత్యాలకు పరుగు. గుండె పరీక్షలు, రక్త పరీక్షలు, కడుపు స్కానింగు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు. “మీ గుండె బ్రహ్మాండంగా ఉంది, గ్యాస్ అయి ఉంటుంది” అన్నారు. ఆ మాట అక్కడే దొరికింది నాకు. మాత్రల చీటీతోపాటు దాన్నీ జేబులో పెట్టుకుని వచ్చాను.

కానీ జబ్బు మాటలు వినలేదు. చప్పుడు ఆగితే చాలు, వచ్చేది. అందుకని నేనే చప్పుడు చెయ్యడం మొదలుపెట్టాను. రేడియో, టీవీ, నీళ్ళ మోటారు. అవేవీ కుదరకపోతే మిక్సీ.

“ఉట్టి మిక్సీ తిప్పుతున్నవేంది బావా? గాలిని పచ్చడి జేస్తున్నవా?” అని స్వరూప నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వులో భయం ఎంత ఉందో ఆమెకు తెలుసని నాకప్పుడు తెలీదు.

సంగతి సిరిసిల్లకు చేరింది. మామ వచ్చాడు. మా నాన్న పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. మా అమ్మనూ నన్నూ తీసుకెళ్ళి తన ఇంట్లో పెట్టుకుని, తిండి పెట్టి, చదివించి, పిల్లనిచ్చిన మనిషి. మా కులంలో ఆయన్ని దేవుడంటారు. సాంచాల రొదలో బతికి చెవులు సగం పోయాయి, అందుకని మామూలు మాట కూడా వీధికి వినపడేలా మాట్లాడతాడు.

“ఇది సాంచల జబ్బు! చిన్నప్పట్నుంచి గా రొదల ఉండి నరాలు గుంజుకపోయినయ్. సప్పుడు లేని జాగల పది దినాలు పండవెట్టుండ్రి, గదే తక్వయితది!”

సిరిసిల్లవాళ్ళం ఏ రోగమొచ్చినా సాంచాల చప్పుడు మీదికే నెడతాం. తలనొప్పికీ అదే, చెవిపోటుకీ అదే, మొగుడూ పెళ్ళాల తగువుకీ అదే. అందువల్ల ఆ మాట ఎవరికీ వింతగా తోచలేదు. “సరే మామా” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో నేనన్న మాట అదొక్కటే.

దసరా సెలవులు, పెగడపల్లి

నా తోటి టీచరుకు పెగడపల్లి దగ్గర పొలముంది, పొలంలో ఒక గది ఉంది. సెలవులకు నన్ను అక్కడికి పంపారు. మందు పేరుతో విషం తాగించడమంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది. వారికి మాత్రం ఏం తెలుసు పాపం, అందరూ నా మంచి కోరినవాళ్ళే.

చుట్టూ వరి. గాలి కూడా లేదు. మొదటి రోజు మధ్యాహ్నానికే చెమటలతో చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. ఉండబట్టలేక వెళ్ళి బోరు మోటారు ఆన్ చేశాను. ఆ గుయ్యిమనే మోత పక్కన స్తంభానికి ఆనుకుని కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి పొలం చూసుకునే ఎల్లయ్య పరుగెత్తుకొచ్చాడు.

“సార్, వరి కోతకచ్చింది! మడి ఎండవెట్టే యాళ్ళకు నీళ్ళు పారిస్తుండ్రేంది? కోత మిషిన్ బురదల దిగవడతది!”

పంతులుకి అంత వ్యవసాయం తెలీదులే అనుకుని క్షమించాడు. తెలుసు నాకు. తెలిసే చేశాను. మర్నాడు మళ్ళీ అదే పని చెయ్యబోతే ఫ్యూజులు తీసి జేబులో వేసుకుని పోయాడు. మూడో రోజు సంచీ సర్దుకుని బస్సెక్కి, ఇంజను పక్కనున్న సీట్లో కూలబడ్డాను. నెలల తర్వాత ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది అక్కడే. కండక్టరు భుజం తట్టి లేపితే కోరుట్ల.

చుట్టాలు ఇంకో కారణం కనిపెట్టారు. పిల్లల్లేని దిగులట. ఆ మాట స్వరూప ముందే అనేవాళ్ళు, లోపం ఆమెదే అన్నట్టు. ఆమె పళ్ళ బిగువున భరించేది. పిల్లలు వద్దన్నది నేను. పెళ్ళైన కొత్తలోనే అన్నాను, కారణం చెప్పలేదు. ఆమె అడగలేదు. నాకూ ఆమెకూ మధ్య పద్నాలుగేళ్ళుగా అడగని ప్రశ్న అదొక్కటే.

చలికాలం, బడి

ఇది రాయకుండా దాటెయ్యాలని చాలాసార్లు అనుకున్నాను. దాటేస్తే ఈ రాతకు అర్థం లేదు.

నాలుగో తరగతి పరీక్ష జరుగుతోంది. కరెంటు పోయింది. పిల్లలందరూ తలలు వంచుకుని రాస్తున్నారు. ఆ నిశ్శబ్దంలో నాకు మెడ వెనక మొదలైంది. కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. అంతలో ఎవరో బల్ల మీద పెన్సిల్‌తో టక్, టక్, టక్ అని కొడుతున్నారు. వద్దన్నాను. ఆగలేదు. అది అంజలి.

అంజలి తల్లి చనిపోయింది. తండ్రి దుబాయిలో కూలి. పిల్ల పెదనాన్న ఇంట్లో ఉంటుంది, పెద్దబాపు అంటుంది ఆయన్ని. పాఠం ఒక్కసారి చెబితే పట్టేస్తుంది, కానీ బడి వదిలాక ఇంటికి పోదు. నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటూనే ఉంటుంది. చూసి కూడా నేను ఎందుకని అడగలేదు.

చేతిలో స్కేలుంది. కొట్టాను. గట్టిగా కొట్టాను.

ఆ పిల్ల ఏడవలేదు. కొట్టిన చేతిని వెనక్కి తీసుకుని, రెండోది చాపింది.

“సార్, ఈ చేతి మీద కొట్టుండ్రి. గా చెయ్యి నిన్ననే వాసింది.”

మామూలుగా అంది. దారి చెప్పినట్టు చెప్పింది. నేను బయటికి పరుగెత్తి వేపచెట్టు కింద కక్కుకున్నాను. పిల్లలు పాపం నీళ్ళు తెచ్చిచ్చారు. అందరికంటే ముందు చెంబు తెచ్చింది అంజలే.

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే ఒకటే మాట తలలో తిరిగింది. ఇన్నాళ్ళూ ఎవరు వస్తారని భయపడ్డానో, ఆ మనిషి వచ్చాడు. నా చొక్కా వేసుకుని వచ్చాడు.

మాఘమాసం, జగిత్యాల

మానసిక డాక్టరు దగ్గరికి పోదామని నేనే అన్నాను. స్వరూప ఏమీ అడగకుండా చెప్పులేసుకుంది.

ఆ ఆసుపత్రి బస్టాండుకు దగ్గర్లోనే. అదే పెద్ద కష్టం. పదేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి ఎవరో ఒకరు గుర్తుపట్టక మానరు. దస్తీ ముక్కు మీద కట్టుకుని, తల దించుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్దావిడ, నల్ల బురఖా, ఒళ్ళో బేకరీ డబ్బా. ఆవిడ కాసేపు నన్ను చూసింది.

“బేటా, దొంగతనం జేసినవా?”

“లేదమ్మా.”

“మరి ముఖం మీద దస్తీ ఎందుకు? లోపల డాక్టరమ్మకు చూపియ్యాల్సింది ముఖమే గదా. నాకు మా ఆయన పోయినంక నిద్ర లేకుండె. ఇప్పుడు గోలీ ఏసుకోని మంచిగ పంటున్న. షుగర్ గోలీ తింటలేమా, ఇది గట్లనే. షరమ్ ఏంది?”

అని డబ్బా తెరిచి రస్కు చేతిలో పెట్టింది. రస్కు తినాలంటే దస్తీ తియ్యాలి. తీశాను. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. ఆ మధ్యాహ్నం నేను పారిపోకుండా లోపలికి పోవడానికి కారణం మాత్రం ఆవిడే.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. గుండె సంగతి, గ్యాస్ సంగతి అడగలేదు. అంతా విని ఒకటే ప్రశ్న వేసింది.

“చప్పుడు ఆగిపోగానే ఏం జరుగుతుందనిపిస్తుంది మీకు?”

“ఎవరో వస్తారనిపిస్తుంది.”

“ఎవరు?”

పక్కన స్వరూప కూర్చుని ఉంది. కూతురి ముందు తండ్రి పేరు ఎలా చెప్పను? ఉప్పు తిన్న ఇల్లు. బల్ల మీదున్న పేపర్‌వెయిట్ చేతిలోకి తీసుకున్నాను.

“మా బాపు,” అంది స్వరూప.

నేను తల తిప్పి చూశాను. ఆమె నావైపు చూడలేదు. డాక్టరమ్మతోనే చెప్పింది.

“సాంచలు నడిచినంతసేపు మా బాపు చేతులు వాటి మీదనే ఉంటయి డాక్టరమ్మా. కరెంటు పోతె అన్నీ ఒక్కసారే ఆగుతయి. ఆయన ఖాళీ అయితడు. గప్పుడు లోపలికచ్చి బావను కొట్టెటోడు. దారం కండెలు సక్కగ సుట్టలేదని, కాదంటె సదువుతలేవని, ఏదో ఒకటి. తెగిన మోటరు పట్టా ఉండేది మొలకు. మొక్కప్పుడు వంగంది మానైనంక వంగదనుకుంట కొట్టెటోడు. నేను చూసుకుంటనే పెరిగిన.”

స్వరూప చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్ళీ అంది.

“అందుకే నాకు కడుపునొప్పి లేసేది.”

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

“కరెంటు పోంగనే కింద వడి దొర్లేదాన్ని, నొప్పి నొప్పి అని. బాపు నన్ను సైకిల్ మీద కూసోవెట్టుకోని ఆరెంపీ దగ్గరికి ఉరికెటోడు. మళ్ళచ్చేసరికి కరెంటచ్చేది. ప్రతిసారి గీ ఉపాయం నడవకపోయేది. నేను బడికి పోయినప్పుడు ఏం జేత్తును?”

మా ఇంట్లో ఆమెను ‘నొప్పుల స్వరూప’ అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి. మా పెళ్ళిలో కూడా ఆ పేరుతో ఏడిపించారు. తనకు నొప్పొస్తే సైకిలు, గోలీసోడా, నాకు మాత్రం పట్టా, అని లోపల్లోపల కుళ్ళుకునేవాణ్ణి. ముద్దు చేస్తే నెత్తికెక్కిన పిల్ల అనుకున్నాను. ఆమెకు అప్పుడు ఏడేళ్ళు. ఏడేళ్ళ పిల్ల నాకోసం చేదు మందులు తాగింది, సూదులు పొడిపించుకుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ మాట నాతో అనలేదు. డాక్టరమ్మ ముందే వెక్కి వెక్కి ఏడ్చాను, సిగ్గు లేకుండా ఏడ్చాను.

“నాకెందుకు చెప్పలే?” అన్నాను.

“నువ్వు ఎన్నడన్న ముచ్చట దీస్తివా? పిల్లలద్దంటివి. మా బాపు రక్తమని అసహ్యమేమో అనుకున్న బావా. గదే అనుకుంట బతికిన.”

“నీ రక్తం గాదు స్వరూపా. నా చెయ్యి. గాయన చెయ్యే నాకచ్చిందేమోనని భయం.” ఆ వెంటనే అంజలిని కొట్టిన సంగతి చెప్పాను. అది కూడా అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు.

డాక్టరమ్మ నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. “ఇది దెయ్యం కాదు, నరాల జబ్బూ కాదు. చప్పుడు ఆగితే దెబ్బ పడుతుందని మీ ఒంటికి చిన్నప్పుడే పాఠం వచ్చేసింది. మంచి విద్యార్థి, ఇంకా మరిచిపోలేదు. మెల్లగా వేరే పాఠం నేర్పుదాం, టైం పడుతుంది” అంది. పంతులుకు అర్థమయ్యే భాషలోనే చెప్పింది. మాత్రలు రాసింది, వారానికోసారి వచ్చి మాట్లాడమంది. లేవబోతుంటే అడిగింది.

“ఆ పాప చెయ్యి ముందురోజే ఎందుకు వాచిందో కనుక్కున్నారా?”

లేదు. మూడు వారాలుగా ఆ పిల్ల కళ్ళలోకి చూడకుండా తప్పించుకు తిరుగుతున్నాను. నా జబ్బులో నేను అంత తీరిక లేకుండా ఉన్నాను.

పరీక్షల ముందు

అంజలిని అడిగితే చెప్పింది. దాచాలన్న ఆలోచన కూడా లేదు, అడిగేవాళ్ళే లేకపోయారు. పెద్దబాపు బెల్టు, చీపురుకట్ట, ఒకసారి గరిటె. పిల్లల రక్షణ చూసే అధికారులకు కాయితం రాయాలి. రాస్తే అంతా రాయాలి. మా హెడ్మాస్టరు మంచివాడే, కానీ భయస్థుడు.

“శ్రీనివాస్ సార్, పాము సావాలె గని కట్టె ఇరగద్దు. వాళ్ళ పెద్దబాపు సంగతి రాయుండ్రి. మీరు కొట్టింది ఎందుకు రాసుడు? ఉద్యోగానికే ఎసరస్తది.”

రెండు రోజులు ఆలోచించాను. ఉద్యోగం పోతుందన్న భయం చిన్నదేం కాదు. కానీ నా దెబ్బ దాచిపెట్టి, నీ దెబ్బలన్నీ చెప్పమ్మా అని ఆ పిల్లను ఎలా అడగను? పెద్దవాళ్ళు కొట్టింది దాచిపెట్టడం వల్లే కదా నాకీ జబ్బు. ఉన్నదంతా రాసి సంతకం పెట్టాను.

అధికారి ఒకామె వచ్చి అంజలిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. నన్ను గురించి పిల్ల ఏమందో తర్వాత ఆమే చెప్పింది. “సార్ కొట్టిండు మేడం, గని ఒక్కసారే” అందట. నా తరఫున వాదించింది. ఆ ‘ఒక్కసారే’ నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంటుంది.

నాకు మెమో వచ్చింది. వివరణ ఇచ్చాను. ఉద్యోగం ఉంది. మెమో కంటే ముందే తరగతి అంతటి ముందూ అంజలికి చెప్పాను, తప్పు నాదని, ఏ చేతి మీదా ఎవరూ కొట్టకూడదని. తరగతి నోరు తెరుచుకుని చూసింది. వెనక బెంచీలోంచి ఒక గొంతు వచ్చింది: “సార్, మీకు జరమచ్చిందా?”

పెద్దబాపును అధికారులు పిలిపించి గట్టిగానే మందలించారు. దుబాయిలో తండ్రి ఫోన్లోనే ఏడ్చాడు. గొల్లపల్లి నుంచి అంజలి అమ్మమ్మ బీడీల చాట చంకన పెట్టుకుని వచ్చి, బడి పక్కనే ఒక గది తీసుకుంది. “ఆకు ఏడ గూసున్నా కోసుకోవచ్చు సార్, పొల్ల బడి ఇడవద్దు” అంది. అంతకంటే పెద్ద మాట ఆ నెలలో నేను వినలేదు.

ఎండాకాలం, సిరిసిల్ల

మామను అడగమని డాక్టరమ్మ చెప్పలేదు. స్వరూపే అంది, పోదాం పా అని. నేను నాలుగు మెత్తటి మాటలు సిద్ధం చేసుకున్నాను. బస్సంతా వల్లె వేసుకున్నాను.

ఒక్కటీ పనికిరాలేదు. మామకు మిగిలిన సగం చెవులూ పోయాయి. వినపడే మిషను కొనిస్తే డబ్బాలోంచి తియ్యలేదట. పక్క షెడ్డులో సాంచాలు నడుస్తున్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా ఎవరికీ వినపడకుండా దాచుకున్న మాట, చెప్పాలంటే అరవాలి. వీధంతా వినేలా అరవాలి. నవ్వొచ్చింది కూడా, నిజం చెబుతున్నాను.

“మామా, నన్ను ఎందుకు కొట్టెటోనివి?” అన్నాను.

“ఏంది? గట్టిగ జెప్పు!”

మళ్ళీ అన్నాను. మళ్ళీ చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి నా గొంతు నాకే తెలీనంత పైకి లేచింది. ఎదురింటి గడపలో కండెలు చుడుతున్న ఆవిడ చెయ్యి ఆపింది. ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు. మామ ముఖం మారింది, వినపడింది.

“మంచిగ బతకాలనే కొట్టిన! సార్‌వు కాలేదా?” అన్నాడు.

అప్పుడు స్వరూప ముందుకెళ్ళి, తండ్రి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

“నాకు కడుపునొప్పి ఎన్నడు లేకుండె బాపూ! బావను కొట్టుడు ఇడుస్తవని గట్ల దొర్లిన! అంత అబద్ధమే!”

ఆయన కూతుర్ని చూశాడు.

“ఎన్నడు లేకుండెనా?”

“ఎన్నడు లేకుండె.”

అరుగు మీద కూర్చుండిపోయాడు. మొదటిసారి ఆయన చిన్న గొంతుతో మాట్లాడటం విన్నాను. “గా నొప్పికి ఎన్ని మొక్కులు మొక్కితినో. ఏములాడ గుడికి నడిచి పోయిన.” ఆ తర్వాత నావైపు తిరిగి, “గంత భయపెట్టిన్నా పోరగాండ్లను?” అన్నాడు. మమ్మల్ని అడిగాడో, తనను తాను అడుక్కున్నాడో తెలీదు. స్వరూప లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

క్షమించావా అని అడుగుతారు చదివినవాళ్ళు. లేదు. తిండి పెట్టిన చెయ్యీ అదే, కొట్టిన చెయ్యీ అదే. ఒకదానితో ఒకటి చెల్లు కాదని నాకిప్పుడు తెలుసు. ఫోను చేస్తే మాట్లాడతాను, పండక్కి పోతాను. క్షమించితేనే బాగవుతావని డాక్టరమ్మ ఒక్కసారి కూడా అనలేదు, అందుకే ఆమె మీద నాకు గౌరవం.

ఇప్పుడు

జబ్బు పూర్తిగా పోయిందంటే అబద్ధం. ఇప్పటికీ నెలకో రెణ్నెల్లకో మెడ వెనక చల్లబడుతుంది. వచ్చిందని గుర్తుపడతాను, పక్కనున్నవాళ్ళకు చెబుతాను, కాళ్ళు నేలకు గట్టిగా ఆనించి కూర్చుంటాను. పోతుంది. మిక్సీ ఇప్పుడు పచ్చళ్ళకే తిరుగుతోంది. పిల్లల సంగతి ఆలస్యమైపోయింది. దానికి మాత్రం ఇద్దరం ఒక రోజంతా కూర్చుని ఏడ్చాం.

నాలాంటివాళ్ళకు చెప్పేది కొంచెమే. గ్యాస్ అనకండి. ఒక్క మనిషికైనా అసలు పేరు చెప్పండి. మీ ఇంట్లో మీతోపాటు భయపడ్డవాళ్ళు ఇంకొకరు ఉండి ఉంటారు, వాళ్ళను అడగండి. పిల్లల మధ్య పనిచేసేవాళ్ళైతే, ఇంటికి పోవడానికి జంకే పిల్లను చూసీ చూడనట్టు ఊరుకోకండి.

శని, ఆదివారాలు మా ఇంటికి పిల్లలొస్తారు. బీడీలు చేసే తల్లుల పిల్లలు, తండ్రులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలు. స్వరూప లెక్కలు చెబుతుంది, నేను తెలుగు చెబుతాను. మధ్యలో అటుకులు. ఎవరినీ ఇంటికి పొమ్మని తొందరపెట్టం. అంజలిని అమ్మమ్మే బస్సెక్కిస్తుంది.

పోయిన శనివారం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల పిల్లలు బంతాట. వద్దంటే వింటారా? భళ్ళుమంది. ఆ వెంటనే ఇంట్లో కిక్కురుమనలేదు. పరుగెత్తాను. మా నాన్నది నాకున్నది ఒక్కటే ఫోటో. అది కింద పడి అద్దం ముక్కలు ముక్కలైంది. పిల్లలు గోడలకు అంటుకుపోయారు. నా గుండె గొంతులోకొచ్చింది. కోపమూ వచ్చింది, దాచను.

అంజలి గుంపులోంచి బయటికొచ్చింది.

“నేనే పలగ్గొట్టిన సార్. బంతి మీదికి ఇసిరిన.” ఒక్క క్షణం ఆగి, నా కాళ్ళవైపు చూసి గద్దించింది. “ఆడనే ఆగుండ్రి సార్! ఉట్టి కాళ్ళతోని అత్తుండ్రేంది? గాజుపెంకులు గుచ్చుకుంటయి. పోయి చెప్పులేసుకోని రాండ్రి.”

నేను వెనక్కి వెళ్ళి చెప్పులేసుకుని వచ్చాను.